వీళ్ళిద్దరూ ఒకరేనా

మా ఇంట్లో మూడు ఫోన్లకీ ఒకటే మెయిల్ ఖాతా. అన్నయ్య ఐజాక్ చేసిన ఏర్పాటు అది. ఎవరు ఏ ఫోన్‌తో తీసినా ఫోటోలన్నీ ఒకే చోట చేరేవి, ముగ్గురికీ కనిపించేవి. "ఇల్లు ఒకటైనప్పుడు బీరువా ఒకటి చాలదా" అనేవాడు అన్నయ్య. "నా చీరల మధ్య నీ లుంగీలు పెట్టకు మరి" అనేది అమ్మ. ఆ బీరువాలో అమ్మ తీసిన ప్రార్థన కూడికలు ఉండేవి, నేను తీసుకున్న పుస్తకాల పేజీలు ఉండేవి. మిగతాదంతా అన్నయ్య తీసిన గోడలు.

నిజంగా గోడలే. సికింద్రాబాద్‌లోని కార్ఖానా పేటలో మా వీధి చివర పాత కంటోన్మెంటు ప్రహరీ ఒకటి ఉంది. దాని మీద సున్నం పెచ్చులూడి ఏర్పడిన ఆకారాలు, వానలకి పట్టిన నాచు, పొద్దు వాలేటప్పుడు దాని మీదుగా నడిచిపోయే నీడలు. ఏళ్ళ తరబడి అదే గోడ. మనుషుల్ని తియ్యమంటే తీసేవాడు కానీ ఆ ఫోటోల్లో తను ఉండేవాడు కాదు. తీసేవాడు ఎప్పుడూ ఇవతలే ఉంటాడు. ఈ సంగతి అన్నయ్య బతికుండగా నాకు తోచలేదు.

పోయిన ఏడాది డిసెంబరులో, ఆఫీసులో మధ్యాహ్నం భోజనం చేసి కుర్చీలో వెనక్కి వాలాడు. మళ్ళీ లేవలేదు.

అమ్మ పుట్టింటి వైపు ఒక ఆనవాయితీ ఉంది. నరసాపురంలో మా అమ్మమ్మ పాటించింది, సికింద్రాబాద్ వచ్చాక అమ్మా వదల్లేదు. ఏడాది జ్ఞాపకార్థ కూడిక జరిగేలోపల, పోయినవాళ్ళు వాడిన వస్తువులు ఇల్లు దాటిపోవాలి. వాడుకునే వాళ్ళకే ఇవ్వాలి. ఎవరికిచ్చామో ఇంట్లో రెండో మనిషికి చెప్పకూడదు, ఇచ్చాక దాని ఊసెత్తకూడదు. చెబితే మనసు ఆ ఇంటి చుట్టూ తిరుగుతుందట.

ఆ లెక్కన సెప్టెంబరు నుంచి అన్నయ్య వస్తువులు ఒకటొకటిగా మాయమవుతూ వచ్చాయి. చెప్పులు, గొడుగు, కళ్ళజోడు. నేను ఒక్క ఆకుపచ్చ స్వెట్టరు మాత్రం నా దుప్పట్ల కింద దాచాను. ఫోన్ ఇచ్చేముందు అమ్మ దాన్ని శుభ్రం చేసింది. శుభ్రం చెయ్యడమంటే అమ్మకి తెలిసినది మెత్తటి గుడ్డతో తుడవడం, ఛార్జింగు నిండా పెట్టడం, తెర మీద గీసే తాళం తీసెయ్యడం. లోపల ఉన్నదాన్ని కూడా తుడవాలని ఆమెకి తెలియదు. నాకు తెలుసు. కానీ నేను బడికి వెళ్ళిన పూట అది ఇల్లు దాటిపోయింది.

అక్టోబరులో ఒకరోజు ఫోటోలు తెరిస్తే, పాత దినపత్రిక మీద పెట్టిన కుక్కర్ రబ్బరు కనిపించింది.

నేను తియ్యలేదు. మా కుక్కర్ రబ్బరు కొత్తది, అమ్మ తీసే అవసరం లేదు. పెద్దది చేసి చూశాను. కుడివైపు పై మూల, ఎవరో నోటితో ఊదినట్టు చిన్న మసక ఉంది. అన్నయ్య ఫోన్ ఎప్పుడో ఒకసారి మెట్ల మీద పడి కెమెరా అద్దం గీసుకుపోయింది. అప్పటి నుంచి అన్నయ్య తీసిన ప్రతి గోడకీ ఆ మూల ఆ మసకే ఉండేది.

నేను ఒక బడిలో పిల్లలకి కౌన్సెలర్ని. పోయిన తాతయ్య పిలుస్తున్నాడని ఏడ్చే పిల్లలు నా గదికి వస్తారు. అది మనసు చేసే పని, మనసుకి అలవాటు తొందరగా పోదు, భయపడక్కర్లేదు అని చెబుతాను. ఆ మాటలే నాకు నేను చెప్పుకున్నాను. ఎవరో ఆ ఫోన్ వాడుతున్నారు. లోపల మన ఖాతా అలాగే ఉండిపోయింది. వాళ్ళు తీసినవి ఇక్కడికి వస్తున్నాయి. ఇందులో విడ్డూరం ఏమీ లేదు. ఖాతాలో ఏయే ఫోన్లు ఉన్నాయో చూపించే చోట అన్నయ్య ఫోన్ పేరు నొక్కి, తొలగించమంటే ఆగిపోతుంది. వేలు అక్కడి దాకా వెళ్ళింది. నొక్కలేదు.

ఆ తర్వాత రోజూ చూడటం మొదలైంది. నీళ్ళ ట్యాంకు మూత, గ్యాసు సిలిండరు మీది అంకెలు, కుట్టించాల్సిన జాకెట్టు కొలత కోసం తీసిన పాత జాకెట్టు, కొత్తిమీర కట్టలు కుప్పపోసిన లారీ. ఎవరికో చూపించడానికి తీసిన పనికొచ్చే ఫోటోలు. ఆ ఇంటి మనిషి ముఖం ఎక్కడా లేదు. ప్రతి దాంట్లో మూల ఆ మసక మాత్రం ఉంది. ఆ కన్ను మూతపడలేదు, చూస్తూనే ఉంది అనిపించేది. బడిలో నా గదిలో కూర్చుని, ఎదురుగా ఏడ్చే పిల్లని పెట్టుకుని, ఈ పూట అది ఏం చూసిందో అని ఆలోచించేదాన్ని.

నవంబరులో కార్డు పని పడింది. జ్ఞాపకార్థ కూడికకి ఫోటో, కింద బైబిలు వాక్యం వేసి కార్డు కొట్టించడం మా వాళ్ళలో మామూలు. కార్ఖానాలోనే ఉదయ్ భాస్కర్ అనే ఆయన ప్రెస్సు నడుపుతాడు. అన్నయ్య ఆఫీసు గుర్తింపు కార్డు ఫోటో పంపించాను. ఆయన వెంటనే ఫోన్ చేశాడు.

"మేడమ్, ఇది పెళ్ళిచూపులకి దిగిందా? ఇంటర్ పిలగాని లెక్క ఉన్నడు."

"ఉద్యోగంలో చేరినప్పటిదండీ."

"గదే అంటున్న. కూడికకొచ్చినోళ్ళు ఎవరో అనుకుంటరు. మొన్నటిది ఒక్కటి పంపండి. లేదంటే గులాబీ పువ్వు పెడ్దాం, మంచిగుంటది. మస్తు మంది పెట్టించుకుంటున్నరు."

మొన్నటిది వెతకడానికి కూర్చున్నాను. ఏళ్ళ ఫోటోలు తిరగేశాను. అన్నయ్య మోచెయ్యి, అన్నయ్య వీపు, కిటికీ అద్దంలో ఫోన్ పట్టుకున్న నల్లటి ఆకారం. ముఖం లేదు. అప్పుడు కళ్ళు మూసుకుని గుర్తు తెచ్చుకోబోయాను. నుదురు వచ్చింది. చెవి వచ్చింది. కళ్ళు, నోరు ఉండవలసిన చోట గోడలా చదునుగా ఉంది. అన్నం తింటూ, బస్సులో, బడిలో ప్రయత్నించాను. రాలేదు. ఒంటి మీది చర్మం జారిపోతున్నట్టు భయం పట్టుకుంది. ఒకే ఇంట్లో పెరిగిన మనిషి ముఖం ఏడాది తిరక్కుండా పోతే, నేను ఇన్నాళ్ళూ ఎవర్ని చూసినట్టు?

ముఖం ఉన్న ఫోటోలు లేకపోలేదు. మా వాళ్ళలో శవపేటిక మూత వేసేముందు ఇంటివాళ్ళంతా చుట్టూ నిలబడి ఫోటో దిగుతారు. ఆ రోజు జీవరాజు చిన్నాన్న తన ఫోన్‌లో ఛార్జింగు అయిపోతే అన్నయ్య ఫోన్‌తోనే తీశాడు, ఒకటి కాదు, వరసగా చాలా. నేను తల వైపు నిలబడ్డాను. ఫోటో తీసినంతసేపూ పేటిక అంచు మీది తెల్లటి జరీ లేసు చూస్తూ ఉన్నాను. అన్నయ్యని చూడలేదు. తర్వాత ఆ ఫోటోల జోలికీ వెళ్ళలేదు. అవి ఉన్నాయి, అంతే చాలు అనుకున్నాను. ఇప్పుడు కూడా తెరవడానికి చెయ్యి రాలేదు.

చిన్నప్పటి నుంచి అందరూ మా ఇద్దరిదీ ఒకే పోలిక అనేవారు. అన్నయ్య గదిలో బీరువా తలుపుకి నిలువుటద్దం ఉంది. ఒక సాయంత్రం బడి నుంచి వచ్చి, లైటు వెయ్యకుండా ఆ గదిలోకి వెళ్ళాను. స్వెట్టరు వేసుకున్నాను. జుట్టు వెనక్కి బిగించి కాలరు లోపలికి దోపాను. అద్దం ముందు నిలబడి, గడ్డం కొంచెం దించి, ఫోన్ ఛాతీ దగ్గర పెట్టి ఫోటో తీశాను. చూసుకుంటే నేనే. మర్నాడు ఇంకోలా నిలబడ్డాను. అన్నయ్య బరువంతా ఒక కాలి మీద వేసి నిలబడేవాడు, అది గుర్తుంది. వెలుతురు ఇంకా తగ్గేదాకా ఆగాను. చీకటి పెరిగే కొద్దీ నేను తగ్గుతున్నాను. వారం పైగా అదే పని. అమ్మ హాల్లో కీర్తనలు పాడుకుంటూ ఉండేది, నేను ఇవతల గదిలో నా ముఖంలోంచి ఇంకొకరిని రప్పిస్తూ ఉండేదాన్ని. ఆఖరికి ఒక ఫోటోలో, సగం ముఖం నీడలో ఉండి, కంటి కింద గుంట పడి, అన్నయ్య ఉన్నాడు. ఉన్నాడనే నమ్మాను.

ఆ రాత్రే ఫోన్ నన్ను ఒక ప్రశ్న అడిగింది. ముఖాల్ని పోల్చి, ఒకరివి ఒకచోట చేర్చే అలవాటు దానికి ఉంది. రెండు గుండ్రటి బొమ్మలు పక్కపక్కన చూపించింది. ఒకటి నేను అద్దంలో తీసింది. రెండోది కళ్ళు మూసుకున్న ముఖం, గోరంత. వీళ్ళిద్దరూ ఒకరేనా అంది. చూపు ఆ రెండో దాని మీద నిలవకముందే అవును అని నొక్కాను.

కార్డుకి ఆ అద్దం ఫోటోనే పంపాలనుకున్నాను. కాస్త కత్తిరించి, కొంచెం వెలుతురు పెంచితే ఎవరికి తెలుస్తుంది? చర్చిలో అందరూ చేతిలో నా ముఖం పట్టుకుని అన్నయ్య కోసం ప్రార్థన చేస్తారు. ఇది తప్పని అనిపించాలి. అనిపించలేదు. తేలిగ్గా అనిపించింది. ఇక అన్నయ్యని మర్చిపోయే ప్రమాదం లేదు, అద్దం ఉన్నంతకాలం.

ఉదయం పంపుదామని తెరిస్తే ఆ ఫోటో లేదు.

మిగతా అద్దం ఫోటోలూ ఒకటీ రెండూ తప్ప లేవు. పాత ఫోటోల దాకా జరిపి వెతికాను. పేటిక చుట్టూ నిలబడ్డ ఫోటోలు కూడా లేవు. గోడలన్నీ ఉన్నాయి, కూడికలున్నాయి, కుక్కర్ రబ్బరుంది. అన్నయ్య ముఖం ఉన్నవీ, ఉందని నేను అనుకున్నవీ మాత్రమే పోయాయి. ఒక ఫోన్‌లో తీసేస్తే అన్ని ఫోన్లలోంచీ పోతుందని నాకు బాగా తెలుసు. ఆ ఫోన్ ఉన్నవాళ్ళెవరో తీసేశారని కూడా తెలుసు. తెలిసి కూడా నాకు ముందు వచ్చిన ఆలోచన వేరు. వద్దంటున్నాడు. తన ముఖం తను వెనక్కి తీసుకుంటున్నాడు.

సాయంత్రం మళ్ళీ స్వెట్టరు వేసుకుని అద్దం ముందు నిలబడ్డాను. తీసిన ఫోటో పొద్దున్నకి ఉండేది కాదు. మళ్ళీ తీసేదాన్ని. మళ్ళీ పోయేది. ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా ఒకే తలుపుని రెండు వైపుల నుంచీ నెట్టుతున్నట్టు ఉండేది. ఆ రోజుల్లో నేను సరిగ్గా తినలేదు. ఆ రోజుల్లో నాకు సంతోషంగా కూడా ఉంది. ఎవరో ఉన్నారు అవతల. నేను చేసినదానికి బదులు వస్తోంది.

"రోజూ ఆ చీకటిగదిలో ఏం వెలగబెడుతున్నావే?" అంది అమ్మ ఒకరోజు, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ.

"సర్దుతున్నాను."

"సర్దడానికి అందులో ఏం మిగిలిందని? మంచం, బీరువా. వాటిని అటూ ఇటూ తోస్తున్నావా?"

"అమ్మా, ఫోన్ ఎవరికిచ్చావ్?"

అమ్మ చేతిలో కాయ విరగ్గొట్టి గిన్నెలో వేసింది. "ఎవరికో ఇచ్చాను. వాడుకునేవాళ్ళకే ఇచ్చాను."

"పేరు చెప్పొచ్చుగా."

"మా అమ్మ తన తల్లి గాజులు ఎవరికిచ్చిందో చచ్చేదాకా చెప్పలేదు. నేను టీచరుగా నలుగురికి పాఠం చెప్పి, ఇంట్లో ఈ ఒక్కటీ తప్పనా? పిచ్చిదానా, పోయి ముఖం కడుక్కో. కళ్ళు చూడు ఎలా పీక్కుపోయాయో."

ముఖం కడుక్కుని, తువ్వాలు మెడలో వేసుకుని అన్నయ్య గదిలోకి వెళ్ళాను, అలవాటుగా స్వెట్టరు వేసుకున్నాను. తుడుచుకుంటూ ఫోన్ చూస్తే కొత్త ఫోటో వచ్చి ఉంది. ఈసారి వస్తువు కాదు. గీతల కాగితం, దాని మీద నీలిరంగు పెన్నుతో పెద్ద పెద్ద అక్షరాలు, ఎవరికో దూరంగా ఉన్నవాళ్ళకి కనబడాలన్నట్టు. మూల ఆ మసక.

"ఐజాక్ అన్నా, మీ అమ్మగారు మంచిమనసుతోని ఇచ్చిన్రు. మీరు మా ఫోన్ల ఉన్నా మాకు తక్లీఫ్ లేదు. మీ గోడల ఫోటోలు ఒక్కటి సుత తీసెయ్యలేదు. కానీ మీ బట్టలు వేసుకొని వస్తున్నది ఎవరో, వాళ్ళను మీతోని తీసుకపోండి. పాప భయపడుతున్నది. జ్వరం తగ్గుతలేదు. ఫోటోలల్లనే వస్తున్నరు గనక ఫోటోలనే చెప్తున్న. ప్రభువు పేరట దండం పెడుతున్న."

నిలబడే ఉన్నాను. తువ్వాలు కింద పడింది.

బీరువా ఒకటే అని అన్నయ్య పదేపదే అన్నాడు. వాళ్ళు తీసినది నాకు వస్తే, నేను తీసినది వాళ్ళకి వెళ్తుంది. ఇంత చిన్న సంగతి, పిల్లలకి మనసు గురించి పాఠాలు చెప్పే నాకు, ఇన్ని రోజులు ఎందుకు తట్టలేదు? తట్టనివ్వలేదు. అవతల ఉన్నది బతికున్న మనిషి అని ఒప్పుకుంటే నా ఆట ఆగిపోతుంది. నేను అన్నయ్య కోసం ఎదురుచూస్తూ ఒక తలుపు ముందు నిలబడ్డాననుకున్నాను. ఆ తలుపు ఎవరిదో ఇంటి లోపలికి తెరుచుకుని ఉంది. అక్కడ రోజూ చీకట్లో కనిపించింది నేను.

కాగితం ఫోటో అమ్మ ముందు పెట్టాను. కళ్ళజోడు పెట్టుకుని చదివింది. మళ్ళీ చదివింది. తర్వాత నా వైపు చూసింది. స్వెట్టరు నా ఒంటి మీదే ఉంది.

"ఇది ఉందా ఇంట్లో? నేను ఇల్లంతా వెతికాను."

"ఎవరమ్మా వాళ్ళు?"

"వెళ్తే నీ మనసు ఆ ఇంటి చుట్టూ తిరుగుతుందే."

"ఇప్పటికే తిరుగుతోందమ్మా. వాళ్ళకి కనిపిస్తోంది కూడా."

అమ్మ ఈనెలన్నీ ఒక చోటికి ఊడ్చింది. గిన్నె మీద మూత పెట్టింది. "మన క్వయర్లో పాడేది సువార్త, నీకు తెలీదులే, పెళ్ళయి బోయిన్‌పల్లి వెళ్ళింది. మార్కెట్ వెనక సందు. నీలం గేటు" అంది. ఆనవాయితీ తప్పిన గొంతు అది, చాలా చిన్నగా ఉంది.

మర్నాడు శనివారం. బడికి సెలవు పెట్టి బయల్దేరాను. ఆటోలో కూర్చున్నాక ఉదయ్ భాస్కర్‌కి సందేశం పంపాను, పువ్వే పెట్టండి అని. బొటనవేలు పైకెత్తిన గుర్తు వచ్చింది. మార్కెట్ దాటేసరికి రోడ్డంతా క్యాబేజీ ఆకులు, తడి. నీలం గేటు దగ్గర దిగి తలుపు తట్టేముందు ఒక ఆశ కలిగింది. ఆ అమ్మాయి తలుపు తీసి నన్ను చూడగానే అదిరిపడుతుంది. నాలో అన్నయ్యని చూస్తుంది. ఆ ఆశకి సిగ్గుపడ్డాను, కానీ అది పోలేదు.

తలుపు తీసినామె చంకలో పాప ఉంది. నన్ను ఆపాదమస్తకం చూసింది. మామూలుగా చూసింది.

"ఎవరు కావాలె?"

"నేను హదస్సాని. మేబెల్ టీచర్‌గారి అమ్మాయిని."

"అయ్యో, రాండి రాండి. జెర చెప్పులు ఆడ ఇడ్వండి, మా అత్త ఇప్పుడే కడిగింది." కుర్చీ మీది బట్టలు ఒక్క చేత్తో ఎత్తి మంచం మీదికి విసిరింది. "మొన్న ఆదివారం చర్చిల చూసినప్పుడు సుత అమ్మగారు ఏం చెప్పలే."

కూర్చోకుండానే చెప్పాను. ఖాతా ఒకటే అని, ఫోటోలు రెండు వైపులా వెళ్తాయని, కాగితం నేను చదివానని. ఆ అద్దంలో ఉన్నది నేనని.

సువార్త పాపని కిందికి దించింది. తర్వాత వంటింటి వైపు తిరిగి కేకేసింది. "అత్తా, దయ్యం వచ్చింది. చాయ్ పెట్టు."

లోపల్నించి ఒక ముసలి గొంతు, "చక్కెర వేసుకుంటదా అడుగు" అంది.

సువార్త నవ్వబోయి, నవ్వలేక, మంచం అంచున కూర్చుంది. "ఎంత పరేషాన్ చేసినవ్ అక్కా. మా అత్త ప్రార్థన నూనె తెచ్చి ఫోన్‌కి రాసింది. స్పీకర్ల వడి అవతలోళ్ళు బావిలకెల్లి మాట్లాడినట్టు వినబడుతున్నది. మా ఆయన పారేద్దామన్నడు. అమ్మగారు ఇచ్చింది ఎట్ల పారేస్త?"

"మొదటిసారి ఎప్పుడు చూశావు?"

"ఫోన్ దానంతటదే వీడియో తయారు చేసింది. పాప పాటలు చూస్తుంటే టక్కున పైకొచ్చింది, ఒక మ్యూజిక్ పెట్టి. పెట్టెల పండుకున్న అన్న, తర్వాత అద్దంల నువ్వు, మళ్ళ అన్న, మళ్ళ నువ్వు. ఇద్దరు ఒకల్లే అన్నట్టు. పాప గజగజ వణికింది."

ఆ రెండిటినీ ఒకటి చేసింది ఫోన్ కాదు. నన్ను అడిగింది, నేను అవునన్నాను. ఆ సంగతి చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఎట్లన్నవ్ అక్కా? ఏడ పోలిక?"

"లేదా?"

"లేదు. అన్న ఫోటోలకి నేను భయపడలే నిజం చెప్తున్న. జాలి అయ్యింది, పాప చూడొద్దని తీసేసిన. రెండోది చూస్తె భయమైంది. ఆయన కాదని తెలుస్తనే ఉంది. ఆయన లెక్క అగుపడాలని ఎవరో తిప్పలు పడుతున్నరు. గదీ భయం."

ఆమె కోపంతో అనలేదు. ఉన్నది చెప్పింది, అంతే. కిటికీ లోంచి వచ్చే పగటి వెలుతురు నా ముఖం మీద పడుతోంది. ఇంత వెలుతురులో ఎవరూ నన్ను చూసి చాలా రోజులైంది. ఇన్ని రోజులు కష్టపడి నేను చేసినది అన్నయ్యా కాదు, నేనూ కాదు. ఆ మూడోదాన్ని నేను చూడలేదు. ఈ అమ్మాయి ఒక్కతే చూసింది.

చాయ్ వచ్చింది. తాగుతుండగా సువార్త పల్లెంలో పెట్టినట్టు రెండు చేతులతో అన్నయ్య ఫోన్ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. నూనె మరకతో జిడ్డుగా ఉంది. "ఏం చెయ్యాల్నో నువ్వే చెయ్యి. నాకు తెల్వదు."

సెట్టింగుల్లో ఖాతా పేరు కనిపించింది, అన్నయ్య పెట్టిన మా ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలు. తొలగిస్తే ఇక కుక్కర్ రబ్బర్లు రావు, కొత్తిమీర లారీలు రావు. ఆ మసక మూల ఉన్న ఏ చూపూ ఇక నాదాకా రాదు. ఆ చూపు ఏనాడూ అన్నయ్యది కాదు. సువార్తది. ఒక బతికున్న మనిషి తన ఇంటి పనుల కోసం చూసిన చూపుని దొంగచాటుగా తెచ్చుకుని, దానికి నా అన్న పేరు పెట్టుకున్నాను.

"పాప జ్వరం ఎలా ఉంది?"

"రాత్రి సంది లేదు. గొంతు వాచిందట, మందు ఇచ్చిన్రు. దయ్యం పని కాదు తియ్యి" అంది సువార్త.

నొక్కాను. తెర ఒకసారి తెల్లబడి మామూలైంది. ఆ గదిలో ఏమీ మారలేదు. పాప నా చెప్పులు వేసుకుని గడప దగ్గర నడుస్తోంది.

"అయితె నేను తీసేసిన పెట్టె ఫోటోలు మొత్తం పోయినట్టేనా? తప్పు చేసిన్నా అక్కా? ఒక్కటన్న ఉంచాల్సుండె."

"పోలేదు. తీసేసినవి కొన్నాళ్ళు చెత్తబుట్టలో ఉంటాయి. కావాలంటే వెనక్కి తెచ్చుకోవచ్చు. ఇప్పుడు తెచ్చినా నా ఫోన్‌లోకే వస్తాయి, నీకు రావు."

"మరి తెచ్చుకో."

నా ఫోన్ తీసి చెత్తబుట్ట తెరిచాను. చిన్న చిన్న గళ్ళలో అన్నీ ఉన్నాయి. పేటికలూ అద్దాలూ కలిసిపోయి, ఏవి ఏవో తెలియకుండా. నా కళ్ళు గళ్ళ మధ్య ఖాళీ గీతల మీదే తిరుగుతున్నాయి, ఆ రోజు జరీ లేసు మీద తిరిగినట్టు. నేనే తీసినవి ముందు ఏరి, శాశ్వతంగా తీసెయ్యమన్నాను. నిజంగానా అని అడిగింది. నిజంగానే. మిగిలినవి చిన్నాన్న తీసినవి. అక్కడ చెయ్యి ఆగిపోయింది.

"ఏమైంది?"

"నేను అన్నయ్యని చూడలేదు సువార్తా. ఆ రోజు పక్కనే నిలబడి చూడలేదు. ఇప్పుడు ముఖం గుర్తు రావడం లేదు." ఈ మాట బయటికి అనడం ఇదే మొదలు. అమ్మతో కూడా అనలేదు. "నువ్వు చూసి చెప్పు. ఎలా ఉన్నాడు?"

"నేనా? దండం పెడ్త అక్కా, ఒక్కసారి చూసిన చాలు." అని అటు తిరిగి పాప వైపు చూసింది. మళ్ళీ నా వైపు చూసింది. ఏం కనిపించిందో, ఫోన్ నా చేతిలోంచి తీసుకుంది. ఒక గడి నొక్కి పెద్దది చేసి, చెయ్యి దూరంగా చాచి, ముఖం కొంచెం పక్కకి పెట్టుకుని చూసింది. నేను కళ్ళు మూసుకున్నాను.

"నుదురు పెద్దగుంది. ఎంటికలు ముందల పల్చగైనయి. దువ్వినోళ్ళు పాపిట తప్పు దిక్కు తీసినట్టున్నది, ఎంటికలు మాట ఇనలే, లేసినయి."

"ఎడమకి తీసేవాడు."

"వీళ్ళు కుడికి తీసిన్రు. కనుబొమ్మలు గుబురు. ఒకదాంట్ల ఒక్కటే తెల్ల ఎంటిక. ముక్కు మీద కండ్లద్దాల గుంటలు ఇంక ఉన్నయి. అద్దాలు లేవు, గుంటలు ఉన్నయి."

ఆ గుంటలు నాకు కనిపించాయి. ఎర్రగా, తడిగా, కళ్ళజోడు తీసి వేళ్ళతో రుద్దుకునేటప్పటి గుంటలు. వాటి పక్కన కళ్ళు ఇంకా రాలేదు.

"నోరు?"

"నోరు..." సువార్త ఆగింది. ఫోన్ కొంచెం దగ్గరికి తెచ్చుకున్నట్టు చీర రాసుకున్న చప్పుడైంది. "నోరు మూసే ఉంది గానీ, ఒక్క పక్క లోపలికి కొరుక్కున్నట్టుంది. నవ్వొస్తుంటె ఆపుకుంటరు సూడు, గట్ల. మస్తు మంచోని లెక్క ఉన్నడు అక్కా. నేను అప్పుడు సక్కగ చూడనే లేదు."

గ్లాసుల కోసం వచ్చిన ముసలామె అడుగులు మా దగ్గర ఆగి, ఏమీ అడగకుండానే వంటింట్లోకి వెళ్ళిపోయాయి. మూసిన కళ్ళ చీకట్లో ఆ పెదవి మూల మాత్రం వచ్చింది. లోపలికి కొరుక్కున్న ఆ చిన్న చోటు. అన్నం దగ్గర అమ్మ లుంగీల మాట ఎత్తినప్పుడల్లా అక్కడే ఆగేది నవ్వు. దాని చుట్టూ మిగతాది ఇంకా కట్టుకోలేదు. నేను దాన్ని తొందర పెట్టలేదు.

"ఇంక చాలా?" అంది సువార్త. "నా చెయ్యి గుంజుతున్నది."

కళ్ళు తెరిచి చెయ్యి చాచాను. ఆమె ఫోన్ నా వైపు తిప్పి ఇచ్చింది, పడిపోకుండా కింద తన చెయ్యి పెట్టి ఉంచి. నేను చూశాను.